మేడ మీది డైపోల్‌కు ఇంట్లో చుట్టుకునే బాలన్, చోక్

సాయంత్రం ఆరు దాటితే మా అపార్ట్‌మెంట్‌లో ఎల్‌ఈడీ దీపాలు, ఇన్వర్టర్లు, ఫోన్ చార్జర్లు అన్నీ ఒక్కసారిగా పనిలోకి దిగుతాయి. హ్యామ్ రేడియోలో 40 మీటర్ల బ్యాండు (7 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల) మీద గుంటూరులో ఉన్న మిత్రుడి గొంతు ఆ రొదలో మునిగిపోయేది. నేను మాట్లాడుతుంటే కంప్యూటర్ స్పీకర్లలో నా మాటే గరగరమని వినిపించేది. రిగ్ (రేడియో సెట్టు) లోహపు పెట్టెను తాకితే వేలికి సన్నగా చురుక్కుమనేది, యాంటెన్నాకు వెళ్లే కోయాక్స్ కేబుల్‌ను కాస్త పక్కకు జరిపితే ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా నుంచి ఎంత శక్తి వెనక్కి వస్తోందో సూచించే నిష్పత్తి) మీటరు ముల్లు కదిలేది. ఇవన్నీ వేర్వేరు జబ్బులని అనుకొని ఒక్కొక్కదానికి ఒక్కొక్క మందు వాడుతూ చాలాకాలం గడిపాను. అన్నింటికీ మూలం కోయాక్స్ బయటి ఉపరితలం మీద పారుతున్న అనవసరపు విద్యుత్తే. దాన్ని ఆపే చోక్ అనే సాధనాన్ని ఒక సెలవురోజున ఇంట్లోనే తయారుచేసుకోవచ్చు. చెన్నైలో, హైదరాబాదులో, మరెక్కడైనా మేడ మీద తీగ కట్టుకొని హెచ్ఎఫ్‌లో (3 నుంచి 30 మెగాహెర్ట్జ్) పనిచేసే తెలుగు హ్యామ్‌ల (అమెచ్యూర్ రేడియో వాడేవారి) కోసం ఆ విధానాన్ని ఇక్కడ వివరిస్తున్నాను.

కోయాక్స్‌లో మూడో వాహకం

కోయాక్స్ కేబుల్‌లో చూడడానికి లోపలి తీగ, పైన అల్లిక అని రెండే వాహకాలు ఉన్నా, రేడియో పౌనఃపున్యాల దగ్గర అవి మూడు వాహకాలుగా ప్రవర్తిస్తాయి. 7 మెగాహెర్ట్జ్ దగ్గర రాగిలో విద్యుత్తు ఉపరితలం నుంచి దాదాపు 0.025 మిల్లీమీటర్ల లోతుకే పరిమితమవుతుంది కాబట్టి, అల్లిక లోపలి ముఖం మీద పారే విద్యుత్తుకూ బయటి ముఖం మీద పారే విద్యుత్తుకూ సంబంధం ఉండదు. లోపలి తీగ మీదా, అల్లిక లోపలి ముఖం మీదా సమానంగా, ఎదురెదురు దిశల్లో పారే విద్యుత్తు మనకు కావలసినది. అది డైపోల్ (నడిమధ్యన కోయాక్స్ కలిపే, రెండు చేతుల తీగ యాంటెన్నా) నడిమధ్యకు చేరినప్పుడు లోపలి తీగ నుంచి వచ్చిన విద్యుత్తుకు ఒక్కటే దారి, అంటే డైపోల్‌లో ఒక చేయి మాత్రమే ఉంటుంది. అల్లిక లోపలి ముఖం నుంచి వచ్చినదానికి మాత్రం డైపోల్ రెండో చేయి ఒక దారి, అల్లిక బయటి ముఖం మీదుగా కిందికి దిగి మన గదిలోకి రావడం మరో దారి. ఎటువైపు ఇంపిడెన్స్ (విద్యుత్తుకు ఎదురయ్యే మొత్తం అడ్డంకి) తక్కువగా ఉంటే అటువైపు ఎక్కువ విద్యుత్తు పోతుంది. ఆ రెండో దారిలోనే ఇంట్లో పుట్టిన రొద పైకెక్కి రిసీవర్‌లోకి చేరుతుంది.

ఈ దారిని మూయడమే చోక్ పని. సమతౌల్యం ఉన్న డైపోల్‌కూ, అది లేని కోయాక్స్‌కూ మధ్య నిలిచినప్పుడు అదే చోక్‌ను మనం 1:1 బాలన్ అంటాము. చోక్ బాలన్ అన్నా, కరెంట్ బాలన్ అన్నా పని ఒక్కటే. ఈ మార్గంలో ట్రాన్స్‌మిషన్ లైన్‌ను చుట్టగా చుట్టి ఇంపిడెన్స్ మార్చవచ్చని గ్వానెల్లా 1944లో చూపించాడు. 1959లో రథ్‌రాఫ్ వివరించిన మరో పద్ధతి నుంచి వోల్టేజ్ బాలన్లు విస్తరించాయి. వోల్టేజ్ బాలన్ రెండు చేతులకూ సమానమైన వోల్టేజిని ఇవ్వడానికి ప్రయత్నిస్తుందే తప్ప సమానమైన కరెంటుకు హామీ ఇవ్వదు. ఒక చేయి నీళ్ల ట్యాంకు పక్కనుంచీ, మరొకటి ఖాళీ ఆకాశం కిందనుంచీ వెళ్లే మన మేడల మీద డైపోల్ ఎప్పుడూ పూర్తి సమతౌల్యంతో ఉండదు కాబట్టి, నా అభిప్రాయంలో ఇక్కడ కరెంట్ బాలన్ తప్ప మరొకటి చుట్టవలసిన అవసరం లేదు.

కేబుల్ పొడవు కూడా ఈ వ్యవహారంలో పాలుపంచుకుంటుంది. మూడో అంతస్తు పైనున్న మేడ నుంచి కింది అంతస్తులోని గదికి దిగే కేబుల్ సుమారు 20 మీటర్లు ఉంటుంది. 7.1 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం దాదాపు 42.2 మీటర్లు, అందులో సగం 21 మీటర్లకు కాస్త ఎక్కువ. అల్లిక బయటి ముఖానికి 0.66 వెలాసిటీ ఫ్యాక్టర్ (కేబుల్ లోపల తరంగ వేగం తగ్గే నిష్పత్తి) వర్తించదు. ఆ ముఖం చుట్టూ ఉన్నది పలుచని పీవీసీ తొడుగూ, గాలీ మాత్రమే కాబట్టి అది దాదాపు మామూలు తీగలాగానే ప్రవర్తిస్తుంది. అంటే గది చివర ఎర్త్ చేసిన 20 మీటర్ల కేబుల్ 40 మీటర్ల బ్యాండులో అర్ధతరంగానికి దగ్గరగా ఉండి, పైన డైపోల్ దగ్గర చాలా తక్కువ ఇంపిడెన్స్ చూపిస్తుంది. అనవసరపు విద్యుత్తుకు అంతకంటే అనువైన దారి ఉండదు. మా ఇంట్లో జరిగింది సరిగ్గా ఇదే.

ఎన్ని ఓములు చాలు

చోక్ గురించి మాట్లాడేటప్పుడు నిష్పత్తి కంటే, మనం వాడే బ్యాండులో అది అల్లిక బయటి ముఖం మీద ఎన్ని ఓముల ఇంపిడెన్స్ చూపిస్తుందన్నదే ముఖ్యం. 1000 ఓములు కనీస హద్దుగా పెట్టుకోవాలి. రొద తగ్గించడమే ప్రధానమైతే 4000, 5000 ఓముల వరకు వెళ్లడం మంచిది. ఆ ఇంపిడెన్స్‌లో ఎక్కువ భాగం రెసిస్టివ్‌గా (శక్తిని వేడిగా మార్చే అడ్డంకిగా) ఉండాలన్నది రెండో షరతు. కేవలం ఇండక్టివ్ రియాక్టెన్స్ మీద ఆధారపడిన చోక్‌కు ఎదురుగా కేబుల్ బయటి ముఖం కెపాసిటివ్‌గా ఉంటే రెండూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి, అప్పుడు చోక్ పెట్టాక విద్యుత్తు తగ్గకపోగా పెరగనూ వచ్చు.

పీవీసీ గొట్టం మీద కోయాక్స్‌ను చుట్టే పాత పద్ధతికి ఉన్న లోపం ఇదే. 110 మిల్లీమీటర్ల డ్రైనేజీ పైపు మీద ఆర్‌జీ 58 కేబుల్ 10 చుట్లు పక్కపక్కనే చుడితే ఇండక్టెన్స్ సుమారు 13 మైక్రోహెన్రీలు వస్తుంది, 7.1 మెగాహెర్ట్జ్ దగ్గర అది 570 ఓముల రియాక్టెన్స్. అది 1000 ఓములకు చేరదు, పైగా దాదాపు అంతా రియాక్టివే. 14 మెగాహెర్ట్జ్ పైన ఇది కొంత మెరుగు. ఫెర్రైట్ (అయస్కాంత గుణమున్న సిరామిక్) కోర్ దొరకని చోట ఏమీ లేకపోవడం కంటే ఇది నయమే గానీ, 40 మీటర్లకు దీన్ని నేను సిఫారసు చేయను.

చోక్ వేడెక్కడం గురించి ఒక అపోహ ఉంది. ఎక్కువ ఓముల రెసిస్టెన్స్ ఉంటే ఎక్కువ వేడి పుడుతుందని చాలామంది భయపడతారు. నిజానికి ఇంపిడెన్స్ పెరిగిన కొద్దీ కరెంటు తగ్గుతుంది, వేడి మాత్రం కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది. 500 ఓముల చోక్ గుండా 200 మిల్లీఆంపియర్లు పారితే 20 వాట్ల వేడి పుడుతుంది. 5000 ఓముల చోక్ ఆ కరెంటును 30 మిల్లీఆంపియర్లకు అణచివేస్తే 4.5 వాట్లే పుడుతుంది. అరకొరగా చుట్టిన చోకే ఎక్కువగా కాలుతుంది.

కోర్ కొనేటప్పుడు

చోక్ పనితనమంతా కోర్ పదార్థంలోనే ఉంది. ఫెయిర్-రైట్ సంస్థ సంఖ్యల ప్రకారం హెచ్ఎఫ్ చోక్‌లకు పనికొచ్చేవి ముఖ్యంగా 31, 43 రకాలు. 31 మాంగనీస్-జింక్ ఫెర్రైట్, దాని తొలి పర్మియబిలిటీ (అయస్కాంత క్షేత్రాన్ని తనలోకి తీసుకునే గుణం) 1500. 43 నికెల్-జింక్ ఫెర్రైట్, దాని విలువ 800. 80, 40 మీటర్లే ఎక్కువగా వాడేవారికి 31 మేలు, 40 నుంచి 15 మీటర్ల దాకా తిరిగేవారికి 43 కూడా బాగా పనిచేస్తుంది. ఎఫ్‌టీ 240 అనే పేరులో 240 అంటే బయటి వ్యాసం 2.4 అంగుళాలు, అంటే 61 మిల్లీమీటర్లు. లోపలి రంధ్రం 35.5 మిల్లీమీటర్లు, ఎత్తు 12.7 మిల్లీమీటర్లు. 100 వాట్ల స్టేషనుకు ఈ పరిమాణం హాయిగా సరిపోతుంది.

చెన్నైలో అణ్ణా సాలై నుంచి లోపలికి తిరిగి, ఎలక్ట్రానిక్స్ బజారైన రిచీ స్ట్రీట్‌లో టొరాయిడ్ (ఉంగరం ఆకారపు కోర్) అని అడిగితే కౌంటర్ వెనకున్న నెల్లూరు కుర్రవాడు "ఏ టొరాయిడ్ సార్, యూపీఎస్‌కా, ఆంప్లిఫయర్‌కా?" అని అడిగి, ఒక ముఖం తెల్లగా, మిగతా అంతా పసుపుగా ఉన్న ఉంగరాన్ని చేతిలో పెట్టాడు. అతను తప్పు చేయలేదు. కంప్యూటర్ పవర్ సప్లైల కోసం ఎక్కువగా అమ్ముడయ్యే ఇనుప పొడి కోర్ అదే. అది మన చోక్‌కు పనికిరాదు. పాత బాలన్ వర్ణనల్లో కనిపించే ఎర్రరంగు టీ 200-2 కూడా ఇనుప పొడే. దాని పర్మియబిలిటీ 10 మాత్రమే కాబట్టి చోక్‌గా అది నామమాత్రం.

పెట్టె మీద పేరు లేని కోర్‌ను కొనేముందు రెండు చిన్న పరీక్షలు చేయవచ్చు. నేను బజారుకు వెళ్లేటప్పుడు ఒక మీటరు సన్నని ఇన్సులేటెడ్ తీగ, ఇండక్టెన్స్ కొలిచే ఎల్‌సీ మీటరు జేబులో వేసుకుంటాను. కోర్ మీద 10 చుట్లు వేసి కొలిస్తే ఎఫ్‌టీ 240-43 వంద మైక్రోహెన్రీల పైచిలుకు చూపించాలి. టీ 200-2 మీద అవే 10 చుట్లు 1.2 మైక్రోహెన్రీలే ఇస్తాయి, పసుపు-తెలుపు ఉంగరం 10 మైక్రోహెన్రీల లోపే ఉంటుంది. ఇక్కడే వడపోత సగం పూర్తయిపోతుంది. తర్వాత, పూత లేని చోట మల్టీమీటరు ముళ్లు రెండూ ఆనిస్తే మాంగనీస్-జింక్ కోర్ సాధారణంగా కిలోఓములలో ఏదో ఒక విలువ చూపిస్తుంది, నికెల్-జింక్ కోర్ మాత్రం మెగాఓముల పైన ఉంటుంది లేదా అసలేమీ చూపించదు. పవర్ లైన్ ఫిల్టర్లలోని ఆకుపచ్చ ఉంగరాలు ఇండక్టెన్స్ పరీక్షలో ఘనంగా నెగ్గుతాయి గానీ, వాటిని తయారుచేసింది చాలా తక్కువ పౌనఃపున్యాల కోసం. కాబట్టి వాటిని చుట్టి, కొలిచి చూడకుండా నమ్మకూడదు.

చుట్టే విధానం

కేబుల్ ఎంపికలో చెన్నై ఎండను లెక్కలోకి తీసుకోవాలి. ఆర్‌జీ 58 లోపలి ఇన్సులేషన్ పాలిథీన్. దాన్ని బిగుతుగా వంచి, మే నెల ఎండలో మేడ మీద మూసిన పెట్టెలో ఉంచితే, మెత్తబడిన పాలిథీన్‌లో మధ్య తీగ మెల్లగా పక్కకు జరిగి చివరకు అల్లికకు తగిలే ప్రమాదం ఉంది. ఆర్‌జీ 316లో ఇన్సులేషన్, తొడుగు రెండూ టెఫ్లాన్ జాతివి కాబట్టి వేడికి మెత్తబడవు. మందం 2.5 మిల్లీమీటర్లే అయినా హెచ్ఎఫ్‌లో 100 వాట్లను సులభంగా మోస్తుంది. నేను ఇప్పుడు దాన్నే వాడుతున్నాను. ఆర్‌జీ 58 మాత్రమే చేతిలో ఉంటే చుట్లను కోర్‌కు అతుక్కునేలా లాగకుండా కాస్త వదులుగా వేయాలి, నురుగు ఇన్సులేషన్ ఉన్న రకాన్ని అసలు వాడకూడదు.

కేబుల్‌ను 1.2 మీటర్ల పొడవున కత్తిరించుకోవాలి. కోర్ అంచులు పదునుగా ఉంటే ఒక వరుస టెఫ్లాన్ టేపు చుట్టాలి. కేబుల్ ఒక చివర 12 సెంటీమీటర్లు వదిలి, అక్కడ కోర్‌కు కేబుల్ టైతో కట్టి చుట్టడం మొదలుపెట్టాలి. రంధ్రం గుండా కేబుల్ వెళ్లిన ప్రతిసారీ ఒక చుట్టు. బయటి వైపు కనిపించే తీగలను లెక్కపెడితే తప్పు వస్తుంది, రంధ్రంలోకి చూసి లెక్కపెట్టాలి. ఆరు చుట్లు పూర్తయ్యాక కేబుల్‌ను రంధ్రం మీదుగా ఎదురు వైపుకు దాటించి, అక్కడి నుంచి మరో ఐదు చుట్లు వేయాలి. దాటించే మలుపు కూడా రంధ్రం గుండా వెళుతుంది కాబట్టి మొత్తం పన్నెండవుతాయి. ఇలా దాటించడం వల్ల విద్యుత్ పరంగా చెప్పుకోదగ్గ లాభం లేదు. లోపలికి వచ్చే చివర, బయటికి పోయే చివర ఎదురెదురుగా ఉండి పెట్టెలో అమర్చడం తేలికవుతుంది, అంతే. పక్కపక్క చుట్లు ఒకదానిమీదొకటి ఎక్కకుండా చూసుకోవడమే దీనికన్నా ముఖ్యం, ఎందుకంటే చుట్ల మధ్య కెపాసిటెన్స్ పెరిగితే పై బ్యాండ్లలో చోక్ బలహీనపడుతుంది. ఈ కారణంగానే 12 చుట్లు బాగుంటే 20 ఇంకా బాగుంటాయని అనుకోకూడదు.

పెట్టెగా 15 సెంటీమీటర్ల తెల్ల పీవీసీ జంక్షన్ బాక్స్ వాడవచ్చు. నల్లది ఎండను పీల్చుకుంటుంది. అడుగున కోయాక్స్ కోసం ఎస్‌ఓ 239 సాకెట్, రెండు పక్కల డైపోల్ చేతుల కోసం స్టెయిన్‌లెస్ స్టీల్ బోల్టులు, పైన వేలాడదీయడానికి ఒక ఐబోల్టు బిగించాలి. తీగల బరువు పెట్టె గోడ మీద పడకూడదు. అది ఐబోల్టుకు కట్టిన చిన్న ఇన్సులేటర్ పలక మీద పడాలి. అల్లికను విప్పి మెలితిప్పి టంకం వేసేటప్పుడు విప్పిన భాగం రెండు సెంటీమీటర్లకు మించకుండా చూడాలి. సోల్డరింగ్ ఐరన్ 60 వాట్లది అయితే సాకెట్ లోహం త్వరగా వేడెక్కి, టంకం మెరుస్తూ పారుతుంది. 25 వాట్ల దానితో గింజగింజలుగా పేరుకుపోయి చల్లని జాయింటు మిగులుతుంది.

కొలిచి చూడడం

మూత వేసేముందు మల్టీమీటరుతో లోపలి తీగకు, అల్లికకు మధ్య షార్టు లేదని, ఒక్కొక్కటి ఈ చివర నుంచి ఆ చివరకు కలిసే ఉందని చూసుకోవాలి. తర్వాత డైపోల్ బోల్టుల మధ్య రెండు 100 ఓముల కార్బన్ ఫిల్మ్ రెసిస్టర్లను సమాంతరంగా పెట్టి, నానోవీఎన్ఏతో (వేర్వేరు పౌనఃపున్యాల దగ్గర కొలిచే చిన్న పరికరం) సాకెట్ వైపు నుంచి ఎస్‌డబ్ల్యూఆర్ చూడాలి. 30 మెగాహెర్ట్జ్ దాకా అది 1.2 దాటకపోతే లైన్ సవ్యంగా ఉన్నట్టు.

అసలైన కొలత దీని తర్వాతది. చోక్ ఒక చివర అల్లికను నానోవీఎన్ఏ మొదటి పోర్టు మధ్య పిన్నుకు, రెండో చివర అల్లికను రెండో పోర్టు మధ్య పిన్నుకు వీలైనంత పొట్టి తీగలతో కలపాలి. చోక్‌ను టేబుల్ మీదున్న లోహానికి దూరంగా ఉంచి ఎస్21 (మొదటి పోర్టు నుంచి రెండోదానికి ఎంత సంకేతం చేరిందన్న కొలత) చూస్తే, నష్టం డెసిబెల్స్‌లో కనిపిస్తుంది. ఆ సంఖ్యను 20తో భాగించి, 10ని అంత ఘాతానికి హెచ్చించి, ఒకటి తీసివేసి, 100తో గుణిస్తే ఓములు వస్తాయి. 21 డెసిబెల్స్ అంటే సుమారు 1000 ఓములు, 34 అంటే సుమారు 5000. చోక్ రెసిస్టివ్‌గా ఉన్నచోట ఈ లెక్క బాగా సరిపోతుంది. 7 మెగాహెర్ట్జ్ దగ్గర 30 డెసిబెల్స్ దాటితే నేను సంతోషిస్తాను. గీత శిఖరం మీ బ్యాండు కన్నా కింద ఉంటే ఒకటి రెండు చుట్లు తీసేయాలి, పైన ఉంటే కలపాలి. మొదటిసారి ఈ గీతను తెర మీద చూసినప్పుడు, అప్పటిదాకా వాడిన నా పాత బాలన్ 7 మెగాహెర్ట్జ్ దగ్గర 9 డెసిబెల్స్‌తో నేలబారుగా పడివుండడం గమనించాను. ఆ పెట్టెను నేను నాలుగేళ్లు నమ్మాను.

చివరగా 100 వాట్ల క్యారియర్‌ను (మాటలు లేని ఏకధాటి సంకేతాన్ని) రెండు నిమిషాలు పంపి, ప్రసారం పూర్తిగా ఆపేసిన తర్వాతే కోర్‌ను తాకి చూడాలి. గోరువెచ్చగా ఉంటే సరే. వేలు ఆనించలేనంత వేడిగా ఉంటే చోక్‌కు ఇంకా ఇంపిడెన్స్ కావాలి, రెండో కోర్‌ను దానితో వరుసలో పెట్టాలి. 15 సెకన్లలో దాదాపు 13 సెకన్లు పూర్తి శక్తితో పంపే ఎఫ్‌టీ8 అనే డిజిటల్ పద్ధతి వాడేవారు ఈ పరీక్షను తప్పించకూడదు. మాటలు పంపే ఎస్‌ఎస్‌బీలో చల్లగా ఉన్న కోర్ అక్కడ వేడెక్కవచ్చు.

వేరే నిష్పత్తులు

నడిమధ్యన కాకుండా పక్కన ఫీడ్ చేసే డైపోల్‌కు 4:1 కావాలంటే గ్వానెల్లా పద్ధతిలో రెండు వేర్వేరు కోర్లు తీసుకోవాలి. ఒక్కొక్కదాని మీద 100 ఓముల జంట తీగను 10 నుంచి 12 చుట్లు వేసి, రిగ్ వైపు రెండింటినీ సమాంతరంగా, యాంటెన్నా వైపు వరుసగా కలపాలి. పక్కపక్కన పట్టి కట్టిన 1 చదరపు మిల్లీమీటరు ఇంటి వైరింగ్ తీగలు రెండు సుమారు 100 ఓముల లైనుగానే పనిచేస్తాయి. ఎనామిల్ తీగలను దగ్గరగా మెలితిప్పితే అది 50 ఓముల చుట్టుపక్కలకు పడిపోతుంది కాబట్టి ఇక్కడ వాడకూడదు. ఒక చివర ఫీడ్ చేసే అర్ధతరంగపు తీగకు వాడే 49:1 అనేది బాలన్ కాదు, ట్రాన్స్‌ఫార్మర్. ఎఫ్‌టీ 240-43 మీద 2 చుట్ల ప్రైమరీ, 14 చుట్ల సెకండరీ, ప్రైమరీకి అడ్డంగా 100 పికోఫారడ్ల హైవోల్టేజ్ కెపాసిటర్ చాలు. దానికి కూడా చోక్ కావాలి. అయితే ఆ యాంటెన్నాకు కేబుల్‌లో కొంత భాగమే కౌంటర్‌పాయిజ్‌గా (యాంటెన్నాకు రెండో చేయిలాగా) పనిచేస్తుంది కనుక, చోక్‌ను ట్రాన్స్‌ఫార్మర్‌కు ఆనించి కాక రెండు మీటర్ల దిగువన పెట్టాలి.

మేడ మీద నిలబడడం

మా ఇల్లు తిరువాన్మియూరులో సముద్రానికి దగ్గర. మొదటి చోక్‌ను సాకెట్ చుట్టూ సిలికాన్ పూసి ఎంతో జాగ్రత్తగా మూశాను. ఈశాన్య రుతుపవనాలు వెళ్లాక, జనవరిలో ఎస్‌డబ్ల్యూఆర్ వంకరపోయి విప్పి చూస్తే, అల్లిక అంతా పచ్చని చిలుము పట్టి, వేళ్లతో నలిపితే పొడిగా రాలింది. వెనిగర్ వాసన వేసే సిలికాన్ ఆరేటప్పుడు అసిటిక్ ఆమ్లాన్ని వదులుతుంది, మూసిన పెట్టెలో రాగిని తినేది అదే. న్యూట్రల్ క్యూర్ అని రాసివున్న సిలికాన్‌నే తీసుకోవాలి. విప్పిన అల్లిక చివర వత్తిలాగా నీటిని కేబుల్ పొడవునా పీల్చుకుంటుంది కాబట్టి, టంకం వేసిన చోట్ల పైన ఆ సిలికాన్ లేదా వార్నిష్ పూసి అల్లికను పూర్తిగా కప్పాలి. బయటి కనెక్టర్ మీద సాగదీసి చుడితే తనలో తానే అతుక్కుపోయే రబ్బరు టేపు, దానిమీద ఎండకు ఆగే పీవీసీ టేపు చుట్టాలి. పెట్టెను పూర్తిగా బిగించినా లోపల తేమ చేరకుండా ఉండదు. అడుగున 3 మిల్లీమీటర్ల రంధ్రం ఒకటి పెడితే అది బయటికి కారిపోతుంది.

మొదటి చోక్ స్థానం డైపోల్ నడిమధ్యే. రెండోదాన్ని కేబుల్ గదిలోకి వచ్చే చోట, రిగ్‌కు ముందు పెట్టాలి. ఇంటి రొద కేబుల్ మీదకు ఎక్కకుండా ఆపేది అదే. కంప్యూటర్ యూఎస్‌బీ తీగలకు, పవర్ సప్లై తీగలకు బిగించే క్లిప్-ఆన్ ఫెర్రైట్లు ఒక్క చుట్టుతో 7 మెగాహెర్ట్జ్ దగ్గర కొన్ని పదుల ఓములే ఇస్తాయి. ఇంపిడెన్స్ చుట్ల వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక పెద్ద క్లిప్ తీసుకొని తీగను దానిలోంచి నాలుగైదు సార్లు తిప్పాలి. వీటిలో ఏదీ పిడుగు నుంచి రక్షించదు. ఉరుములు వినిపిస్తే కేబుల్ విప్పి కిటికీ బయట పెట్టాల్సిందే. మేడ అంచున, కరెంటు తీగలకు దగ్గరగా ఒంటరిగా పని చేయకూడదు.

రెండు చోక్‌లూ పెట్టాక మా ఇంట్లో సాయంత్రపు రొద రిసీవర్ సంకేతబలం మీటరు మీద ఎస్ 7 నుంచి ఎస్ 4కు దిగింది, స్పీకర్లలో నా మాట ఆగిపోయింది, కేబుల్‌ను ఎటు జరిపినా మీటరు ముల్లు కదలడం లేదు. ఏటా సెప్టెంబరు చివర, వానలకు ముందే, పెట్టెను దించి మూత తీసి అల్లిక రంగు చూస్తాను, అడుగు రంధ్రంలో చీమలు మట్టి పెట్టివుంటే సూదితో తీసేస్తాను, ఎస్21 గీతను మళ్లీ ఒకసారి తీసి కిందటి ఏటి గీత పక్కన పెట్టి పోల్చుకుంటాను.